చివరి పేజీ చూపించాలి

రెడీమేడ్ చొక్కాలు కుట్టే కంపెనీలో ఆమెది ఫినిషింగ్ టేబుల్. కాలరు ఒకరు, చేతులు ఒకరు, జేబు ఒకరు కుట్టి పడేశాక ప్రతి చొక్కా ఆఖరికి ఆమె దగ్గరికి రావాల్సిందే. వేలాడే దారాలు కత్తిరించి, గుండీలు ఒక్కోటీ లాగి చూసి, మడతపెట్టి పెట్టెలో పెట్టేది ఆమే. మెడలో తాడుకు చిన్న కత్తెర వేలాడుతుంటుంది కాబట్టి అందరూ కత్తెరక్క అంటారు. సగంలో వదిలేసిన పని కనిపిస్తే ఆమెకు ఒళ్లు మంట. అలాంటి మనిషి నెలల తరబడి ఒక్క నవలా పూర్తి చేయలేదంటే ఆ పాపం ఆమెది కాదు, అత్తగారిది.

అత్తగారు గొప్ప చదువరి. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, వీధిలో ఎవరింటికి పుస్తకం వచ్చినా ముందు ఆవిడ చేతిలో నలగాల్సిందే. చదివితే మనిషి మెత్తబడతాడంటారు. ఎవరన్నారో గాని వాళ్లు ఈవిడని చూసి ఉండరు. చదివినకొద్దీ ఆవిడ నాలుకకు పదునెక్కిందంతే.

ఓ ఆదివారం చుట్టాలందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఎవరో అడిగారు, కోడలూ చదువుతుందా అని.

"మా కోడలా? పుస్తకం చేతికిస్తే దానికీ దారాలు కత్తిరిస్తుంది" అంది అత్తగారు.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మొగుడు. వడ్డిస్తున్న గరిట పట్టుకునే నిలబడిపోయింది కత్తెరక్క. "ఈ ఏడాది నెలకో నవల చదువుతాను. మళ్లీ అందరూ ఇలా కూర్చున్నప్పుడు ఏది అడిగినా మొదటి నుంచి చివరిదాకా చెబుతాను" అంది.

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందట" అంది అత్తగారు చెయ్యి కడుక్కుంటూ. ఇక ఆ మాట నిలబెట్టుకోకపోతే కత్తెరక్క ఆ ఇంట్లో తలెత్తుకు తిరగలేదు. అది ఇద్దరికీ తెలుసు.

బస్టాపు పక్కన ఒక పెద్దాయన అద్దె పుస్తకాల కొట్టు నడుపుతాడు. ఆయనకో నియమం ఉంది. పుస్తకం తిరిగిచ్చేవాళ్లు ఆయన ఎదురుగా చివరి పేజీ తెరిచి చూపించాలి. బుద్ధిలేని జనం చివరి పేజీలే చింపుకుపోతారట. కత్తెరక్క వారం వారం అక్కడి నుంచి నవల తెచ్చుకోవడం మొదలుపెట్టింది. కంపెనీ గేటు దగ్గర కాగితం ముక్క కూడా లోపలికి రానివ్వరు, అందుకని పుస్తకం ఇంట్లోనే ఉండేది. సాయంత్రం అంట్లు తోముకున్నాక తీరిగ్గా తీసేది. ఈలోగా మధ్యాహ్నమంతా అది అత్తగారి ఒళ్లోనే ఉండేది.

కథ మంచి పట్టు మీద ఉన్నప్పుడు మంచం మీంచి గొంతు వినిపించేది.

"ఎందాకా వచ్చావు? కొట్టు పెట్టుకున్న ఆ పిల్ల చివరికి నూతిలో దూకి చస్తుందిలే. ముందే చెప్పేశాను, ఇంకేముంది చదవడానికి."

అంతే, కత్తెరక్కకు ఉసూరుమనిపించేది. ముగింపు తెలిసిపోయాక ముందుకు చదవబుద్ధయ్యేది కాదు. మరొకటి తెచ్చేది. "ఇందులో కోడలు బుద్ధొచ్చి అత్తగారి కాళ్ల మీద పడుతుంది" అని వినిపించేది. ఇంకొకటి తెచ్చేది. అందులోనూ కోడలు వచ్చి కాళ్ల మీదే పడేది. పడకపోతే చచ్చేది. లోకంలో నవలలు రాసేవాళ్లందరూ ఈవిడ దగ్గరికొచ్చి అడిగి రాస్తున్నారా ఏమిటి? అప్పుడైనా అనుమానం రావద్దూ మనిషికి? కత్తెరక్కకు రాలేదు. అత్తగారు చెడ్డదని తెలుసు గాని, చదివిన పుస్తకం గురించి అబద్ధమాడుతుందని ఆమె అనుకోలేదు.

మొగుడితో చెబితే, "మా అమ్మ అంతే, పట్టించుకోకు" అని టీవీ సౌండు పెంచాడు. ఏడాది కరిగిపోతోంది. ఒక్కటంటే ఒక్క నవలా పూర్తి కాలేదు.

ఎప్పుడో వదిలేసి ఇంట్లోనే ఉండిపోయిన ఆ నూతిలో దూకే పిల్ల నవల తిరిగివ్వడానికి వెళ్లిన రోజు, కొట్టు పెద్దాయన కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాడు.

"చివరి వాక్యం నువ్వే చదివి వినిపించమ్మా. అది చిరగకుండా ఉంటే పుస్తకం బాగున్నట్టే" అన్నాడు.

ఆమె చదివింది. ఆ పిల్ల కొట్టు కట్టేసి, తాళం బొడ్లో దోపుకుని, పాట పాడుకుంటూ ఇంటికి పోతోంది. కత్తెరక్క ఆ వాక్యం మళ్లీ చదివింది. వెనక్కి తిప్పింది. ఇంకా వెనక్కి తిప్పింది. పుస్తకం మొత్తంలో నుయ్యి అన్న మాటే లేదు. అక్కడే బల్ల మీద కూలబడి ఆఖరి అధ్యాయాలన్నీ చదివేసింది. బస్సు వెళ్లిపోయిందన్న సంగతి కూడా పట్టలేదు.

ఇంటికెళ్లి అత్తగారిని నిలదీస్తుందనుకుంటున్నారా? లేదు. ఆ కోపం అరిస్తే చల్లారేది కాదు. ఆ రోజు నుంచి కంపెనీ కాగానే కొట్టు బల్ల మీద కూర్చుని, వదిలేసిన నవలలన్నీ వరసగా పూర్తి చేసింది. ఒక్కదాంట్లో కూడా ఏ కోడలూ ఎవరి కాళ్ల మీదా పడలేదు.

ఆ మధ్యలోనే అత్తగారి చూపు దెబ్బతింది. మనుషులు కంటికి ఆనుతారు గాని అక్షరాలు ఇక కష్టమని కంటి డాక్టరు తేల్చేశాడు. ఆవిడ కొన్నాళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది, పుస్తకాన్ని తిట్టింది, అచ్చువాళ్లని తిట్టింది. కొడుకుని చదవమంటే ఆవలించాడు. ఆఖరికి ఒక సాయంత్రం కోడలి వైపు చూడకుండా, "ఏదో ఒకటి పైకి చదవవే" అంది.

కత్తెరక్క ఏరికోరి ఒక నవల తెచ్చింది. కొడుకులు వెళ్లగొట్టిన ఒక ముసలావిడ, మూసేసిన రైలు స్టేషన్లో ఒంటరిగా బతికే కథ. రోజూ కాసేపు చదివేది. అత్తగారు మంచం చివరికి జరిగి వినేది. ఒకటి రెండుసార్లు చెంగుతో కళ్లు ఒత్తుకుంది కూడా. ఆఖరి అధ్యాయం ముందు, వానలో ఎవరో ఆ ముసలావిడ తలుపు తడతారు. అక్కడ పుస్తకం మూసేసింది కత్తెరక్క.

"చదువు. ఎవరొచ్చారు?"

"ఆదివారం అందరూ వస్తారుగా. అందరి ముందూ చెబుతాను అత్తయ్యా."

అత్తగారి చెయ్యి దుప్పటి మీద పుస్తకం కోసం తడుముకుంది. కత్తెరక్కకు జాలేసింది. జాలేసినా పుస్తకం ఇవ్వలేదు.

ఆదివారం చుట్టాలు కంచాల ముందు కూర్చుని అడిగారు, మరి నవలల సంగతేమిటని. కత్తెరక్క వడ్డిస్తూనే ఒక్కోటీ మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. కొట్టు పిల్ల పాట పాడుకుంటూ ఇంటికెళ్లిందని చెప్పినప్పుడు అత్తగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కోడలికి అంతా తెలిసిపోయిందని ఆవిడకు అప్పుడు అర్థమైంది. ఆఖరున రైలు స్టేషన్ ముసలావిడ కథ వచ్చింది. అత్తగారు తినడం మానేసి కోడలి వైపు తిరిగింది.

"వానలో తలుపు తట్టింది చిన్నకోడలు. వచ్చి అత్తగారి కాళ్ల మీద పడింది" అంది కత్తెరక్క.

"ఎంత మంచి నవలో" అంది పెద్దాడపడుచు.

అది అబద్ధమని ఆ గదిలో తెలిసింది ఇద్దరికే. అత్తగారు అబద్ధమంటే ఎలా తెలుసని అందరూ అడుగుతారు, అప్పుడు తనాడిన అబద్ధాలన్నీ బయటపెట్టుకోవాలి.

చుట్టాలు వెళ్లాక అత్తగారు చిన్న గొంతుతో, "ఆ పుస్తకం ఏదే?" అంది.

"పొద్దున్నే తిరిగిచ్చేశాను."

"నిజంగా ఎవరొచ్చారే ఆవిడ కోసం? అసలెవరైనా వచ్చారా?"

"చెప్పేశానుగా అత్తయ్యా. ఇంకేముంది చదవడానికి" అని, కత్తెరక్క ఎంగిలి కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.