మా వదిన పాటకు నేను తగిలించిన కారణం

నేను అచ్చు వేయించిన జానపద గేయాల పుస్తకంలో మిరప కోతల పాట ఒకటుంది. దాని చివరి చరణం నేను రాసింది. మా వదిన పాడింది అది కాదు. పదిహేనేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

మా వైపు కోతల్లో ఒకామె పాట ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకుంటారు. చివరి చరణం మాత్రం ఎత్తుకున్న మనిషి సొంతం. ఆమె ఏది కడితే అదే అందరూ అనాలి. మా చేలో ఎత్తుకునేది మా అన్న భార్య. ఆ పాటలో ఒక ఆడమనిషి పని మధ్యలో సాలు వదిలి, గట్టు దాటి ఎటో వెళ్ళి వస్తుంది. ఎక్కడికి పోయావని మొగుడూ అత్తా వరసగా అడుగుతారు. వదిన ఇలా ముగించేది:

"ఎందుకని అడిగితే ఏమి చెప్పేది
ఊరికే పోయాను, ఊరికే వచ్చాను."

ఆ 'ఊరికే' దగ్గర ఆమె గొంతు సాగేది. ఘాటుకు మండే చేతులన్నీ ఒక్క క్షణం ఆగేవి.

రాసుకుంటూ అడిగాను. "ఊరికే ఏంటి వదినా? ఏదో పని ఉండాలిగా?"

"అబ్బో, మాస్టారికి అర్థం కావాలంట!" అని పక్క సాలు ఆవిడ వైపు తిరిగింది. "చూశావా అక్కా, మా మరిది పాటక్కూడా హాజరు వేస్తున్నాడు." తర్వాత నవ్వు ఆపి నాతో అంది. "నీళ్ళకి పోతున్నా, కొట్టుకి పోతున్నా అని పొద్దస్తమానం చెప్పే పోతాం గదా అబ్బాయ్. పాటలోనన్నా ఊరికే పోనీ."

విన్నాను గానీ పట్టించుకోలేదు. అచ్చుకు ఇచ్చేముందు చూస్తే ఆ చరణం అసంపూర్తిగా తోచింది. 'ఊరికే' పాదం తీసేసి "బిడ్డకు పాలిచ్చి బిరబిర వచ్చాను" అని మార్చాను. బళ్ళో పిల్లలకు నేర్పాను. వాళ్ళు ఇళ్ళల్లో పాడారు. మరుసటేడు కోతల్లో వదిన "ఎందుకని అడిగితే" అనగానే, ఆమె ముగించకముందే ఆడవాళ్ళంతా నా చరణం అందుకున్నారు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా వదినకు పిల్లల్లేరు. ఆమె తలెత్తలేదు. కాయలు కోస్తూనే ఉంది. ఆ తర్వాత పాట ఎత్తుకోలేదు.

ఇప్పటికీ కోతలప్పుడు బడికి సెలవు పెట్టి చేనుకు పోతాను. అక్కడ ఫోన్లలో సినిమా పాటలు మోగుతుంటాయి.

మొన్న మాఘంలో కల్లంలో ఆమె ఎండు మిరపలోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నేను చేసింది తప్పన్నాను. పుస్తకం మళ్ళీ వేసి సరిచేస్తానన్నాను. ఒక్కసారి పాడమన్నాను.

"రాసింది నువ్వేగా, నువ్వే పాడుకో" అంది. గొంతులో కోపం లేదు. "నాకెప్పుడో గొంతు పోయిందిలే అబ్బాయ్."

కాసేపటికి చీర దులుపుకుని లేచింది. కల్లం దాటి పత్తిచేను గట్టు మీద నడిచింది. "ఎక్కడికి వదినా?" అని నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. గట్టు చివర ఆమె నిలబడింది. గాలి ఇటే కొడుతోంది. ఏమైనా వినబడుతుందేమోనని, చేతిలో తాలుకాయ అలాగే పట్టుకుని చెవులు రిక్కించాను.

ఏమీ వినబడలేదు. ఆమె తిరిగొచ్చి కూర్చున్నాక కూడా నేను అడగలేదు.