నవ్వి ఊరుకున్నారట

పెద్దమ్మ చదువు రెండో తరగతిలోనే ఆగిపోయింది. కూడబలుక్కుని తన పేరు రాయగలదు, అంతే. అయినా ఇద్దరు మహాపండితుల వాదం ముప్ఫై ఏళ్లపాటు ఆమె చేతిసంచీలోనే నడిచింది.

వీధికి ఈవైపు ఇంటాయన దేవుడు ఉన్నాడని లావుపాటి పుస్తకాలు రాశారు. ఎదురింటాయన లేడని అంతకంటే లావుపాటివి రాశారు. పెద్దమ్మ వాళ్లకు పెట్టుకున్న పేర్లు ఉన్నాడుగారు, లేడుగారు. రెండిళ్లలోనూ వంట ఆమెదే, గిన్నెలు తోమడమూ ఆమెదే. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న ఆ ఇద్దరూ ఏదో సభలో మాటామాటా పెరిగి మాట్లాడుకోవడం మానేశారు. నోరైతే కట్టేసుకున్నారు గానీ చెయ్యి కట్టేసుకోలేకపోయారు. పట్టుమని ఇరవై అడుగులు లేని వీధి దాటడానికి ఉత్తరాలు! దానికి తపాలాబిళ్ల కూడా దండగని పెద్దమ్మ చేతికే ఇచ్చేవారు.

ఒక్కటీ పోలేదు, ఒక్కటీ తడవలేదు. ఒక్కటీ ఆమె విప్పి చూడలేదు. "విప్పినా నీకేం అర్థమవుతుందిలే" అన్నవాళ్లతో, "అర్థం కాకపోవడం వేరు, చూడకపోవడం వేరు" అనేది. లోపలి సంగతి ఆమెకు కవరే చెప్పేది. మామూలు రోజుల్లో లేడుగారు జిగురు ఒక్కసారి రాసేవారు. ఒళ్లు మండితే రెండుసార్లు రాసి పిడికిలితో గుద్ది అంటించేవారు.

ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. వాళ్ల కాగితాలన్నీ నలభై అట్టపెట్టెల్లో సర్ది, పాత పత్రాలు దాచే ఆఫీసుకు తీసుకెళ్లారు. అక్కడ డైరెక్టరుగారికి తల పట్టుకునే పని పడింది. చేతికిచ్చి పంపిన ఉత్తరాల మీద తేదీలు లేవు, తపాలా ముద్రలు లేవు. ఏది ముందో ఏది వెనకో తెలియక చివరికి పెద్దమ్మకు కబురుపెట్టారు.

ఆమె వచ్చి కళ్లజోడు సర్దుకుని ఒక్కో కవరూ తిప్పి చూసింది. "ఈ మసి వేలిముద్ర నాదే. గ్యాసు పొయ్యి రాకముందుది. ఇది నా చిటికెనవేలు తెగినప్పటిది, చూశారా, నాలుగు వేళ్లే పడ్డాయి. అటు పెట్టండి." నాలుగు రోజుల్లో ముప్ఫై ఏళ్లు వరసలో నిలబడ్డాయి. ఆ సాయానికి మర్యాదగా, ఆ ఉత్తరాలతో పెట్టిన ప్రదర్శన మొదటిరోజున ఆమెకు ముందు వరసలో కుర్చీ వేశారు.

అతిథులు రావడానికి ఇంకా రెండు గంటలుంది. పెద్దమ్మ కూతురు గాజుపెట్టెల మీద వివరాలు రాసి పెట్టిన అట్టలు ఒక్కొక్కటే చదివి వినిపిస్తోంది. చివరి పెట్టెలో లేడుగారి ఆఖరి ఉత్తరానికి ఆయన దాచుకున్న నకలు, పక్కనే ఆయన డైరీలోంచి ఒక పేజీ ఉన్నాయి.

"'ఈ ప్రశ్న చదివి ఆయన నవ్వి ఊరుకున్నారు. జవాబు లేదు. ముప్ఫై ఏళ్ల వాదం ఈ నవ్వుతో ముగిసింది.' భలే రాశారు కదమ్మా?"

పెద్దమ్మ పక్కనున్న బల్ల మీద కూర్చుంది.

ఆ ఉత్తరం ఆమె ఇవ్వనేలేదు. ఆరోజు జిగురు రెండుసార్లు రాసిన కవరు పట్టుకుని వీధి దాటేసరికి, ఉన్నాడుగారు మంచంలో ఎగశ్వాసతో ఉన్నారు. కాస్త తేరుకున్నాక ఇద్దామని సంచీలోనే ఉంచింది. మూడోరోజుకు ఆయన పోయారు. నెల తిరిగాక లేడుగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "చదివాడా?" అని అడిగారు. ఆ మొహం చూసి కాదనలేక, "చదివారు" అంది. "ఏమన్నాడు?" "నవ్వారు." అంతే. గరిటె చేత్తో పట్టుకుని చెప్పిన ఆ అబద్ధాన్ని ఆయన డైరీలోకి ఎక్కించారు. డైరీలోంచి అది గాజుపెట్టెలోకి ఎక్కి కూర్చుంది.

"ఇంటికి పద. ఆ కవరు ట్రంకుపెట్టె అడుగున ఉంది, తీసుకురావాలి" అంది పెద్దమ్మ కూతురితో.

సంగతంతా విన్న కూతురు నెత్తి కొట్టుకుంది. "ఒక్క ఉత్తరమూ పోలేదని ఊరంతా చెప్పుకుంటారు నీ గురించి. ఇన్నేళ్ల పరువు నువ్వే తీసుకుంటావా?"

"నాది నేను తీసుకుంటా. జవాబు చెప్పలేక నోరు మూసుకున్నాడన్న మాట ఉన్నాడుగారికెందుకు? అడిగితే కదా చెప్పడానికి!"

గంటలో విప్పని కవరుతో తిరిగొచ్చి, జరిగిందంతా చెప్పి, అట్ట మార్చమంది. డైరెక్టరుగారి మొహం వాడిపోయింది.

"ఆ నవ్వు మీద నేను అరవై పేజీలు రాశానమ్మా. పుస్తకం అచ్చయిపోయింది."

"నవ్వింది ఆయన కాదు బాబూ. పొయ్యి దగ్గర నేను పుట్టించిన నవ్వు అది. అరవై పేజీలు పట్టిందా మీకు?"

"నాలుగింటికి పెద్దలొస్తున్నారు. తర్వాత చూద్దాం."

"అయితే ఆ పెద్దలకు నేనే చెప్తా. కుర్చీ ముందు వరసలోనే వేశారుగా."

డైరెక్టరుగారు పళ్లు నూరుకుంటూ టైపు చేయించారు. కూతురు చదివింది: "అనివార్య కారణాల వల్ల ఈ ఉత్తరం చేరలేదు."

"ఆ కారణాలకు కాళ్లూ చేతులూ ఉన్నాయి, ఇదిగో నిలబడి ఉన్నాయి. ఉన్నదున్నట్టు రాయించండి."

"పోనీ, జాలిపడి ఇవ్వలేదని రాయమంటారా?"

"నా తరఫున వకాల్తా వద్దు. ఇవ్వలేదు. అంతే."

రెండో అట్ట వచ్చింది: "ఈ ఉత్తరం ఆయనకు చేరలేదు. తెచ్చే మనిషి ఇవ్వలేదు."

డైరెక్టరుగారు ఇక కవరు కొయ్యడానికి కత్తి అందుకున్నారు. పెద్దమ్మ కవరు మీద అరచెయ్యి పెట్టింది.

"దీని మీద ఎవరి పేరుంది?"

"ఆయనదే."

"మీది ఉందా?"

"లేదు."

"మరి? నకలు మీ దగ్గర ఉండనే ఉంది. నేనే విప్పలేదు, మీరు విప్పుతారా?"

ఆయన కత్తి పక్కన పెట్టారు. విప్పని ఉత్తరం విప్పకుండానే ఉన్నాడుగారి కాగితాల పెట్టెలోకి చేరింది, ఆలస్యమైతేనేం.

నాలుగింటికి పెద్దలు వచ్చారు. చివరి పెట్టె దగ్గర ఒకాయన ఆగి చదివి, "ఎవరండీ ఈ తెచ్చే మనిషి?" అని గట్టిగానే అడిగాడు.

"నేనే" అంది పెద్దమ్మ, ముందు వరస కుర్చీలోంచి.

"ఎంత పని చేశావమ్మా! ఎందుకివ్వలేదు?"

"ఆరోజు ఆయనకు కావలసింది ఊపిరి బాబూ, ప్రశ్న కాదు. మళ్లీ అలాంటి రోజొస్తే మళ్లీ ఇవ్వను. చదివారుగా, కాస్త జరగండి, వెనకవాళ్లు చదవాలి."