శెట్టిగారికి రెండుసార్లు, హులుగప్పకు ఒక్కసారి

1993. బళ్ళారిలో ఒక కంటి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్నాను. శుక్లం తీసే ఆపరేషన్‌కు ముందు రక్తానికి హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేసేవాళ్ళం. ఏ బాధా లేకుండా తిరిగే మనిషిలో హెపటైటిస్ బి వైరస్ ఉంటే దీంట్లో బయటపడుతుంది. కిట్లు తక్కువ. అందుకని లారీ డ్రైవర్లకూ గని కూలీలకూ తప్పనిసరి, బజారు పెద్దలకు మినహాయింపు. వాలకం చూసి మనుషుల్ని ఏరేది నేనే. సాయంత్రం సభల్లో కులం మీద దుమ్మెత్తిపోసేదీ నేనే.

ఆ వేసవిలో కూరెకుప్ప అనే ఊరి నుంచి హులుగప్ప వచ్చాడు. ఖనిజం లారీలు తోలినవాడు. ఒక కన్ను ఎప్పుడో పోయింది, మిగిలిన కంట్లో శుక్లం. పరీక్ష పాజిటివ్. ఫైలు మీద ఎర్ర గీత గీశాను. ఇక్కడ ఆపరేషన్ కుదరదని, డాక్టరుగారు హుబ్బళ్ళి పెద్దాసుపత్రికి పొమ్మన్నారు.

"యాడికి పోయేదప్పా? బస్సు బోర్డే కనపడదే నాకు" అన్నాడు. కూతురి భుజం పట్టుకుని వెళ్ళిపోయాడు.

వారం తర్వాత, గడువు ముగుస్తున్న కిట్టులో ఒక పరీక్ష మిగిలింది. పారేయడమెందుకని, ఆపరేషన్‌కు వచ్చిన బట్టల వ్యాపారి నాగయ్య శెట్టిగారిని చెయ్యి చాపమన్నాను.

"మేం ఉల్లిగడ్డ గూడా ముట్టమప్పా. మాకేంది ఈ పరీక్ష?"

"వైరస్ వంటింట్లోకి తొంగి చూసి రాదు శెట్టిగారూ."

"నోరు శానా ఉండాది నీకు. కానీ, తీసుకో."

పాజిటివ్. నమ్మలేక కొత్త కిట్టు తెరిచి మళ్ళీ చేశాను. అదే ఫలితం. హులుగప్పకు రెండోసారి చేయాలని నాకు తోచనే లేదు.

డాక్టరుగారు తడుముకోలేదు. "లిస్టులో ఆఖరున వెయ్యి. రెండు జతల గ్లౌజులు వేసుకుంటాను. పరికరాలు విడిగా ఆటోక్లేవ్‌లో పెట్టించు." ఆటోక్లేవ్ అంటే ఆవిరితో క్రిముల్ని చంపే పెట్టె.

"అవన్నీ పోయిన వారం కూడా ఉన్నాయి గదా సార్?"

ఆయన కలం కింద పెట్టారు. "ఎర్ర గీత గీసింది నువ్వే గదా?" కలం మళ్ళీ తీసుకుని, "అతన్నీ పిలిపించు" అన్నారు.

నేనే కూరెకుప్ప వెళ్ళాను.

"వారంలో నా రగతం మంచిదయ్యిందా?" అన్నాడు హులుగప్ప.

"తెలీదప్పా. ఇంకోసారి చూస్తా. ఎట్లున్నా ఆపరేషన్ చేస్తారు."

రెండోసారీ పాజిటివే. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే బల్ల మీద, ఆఖరున చేశారు. కట్టు విప్పి, చూపు కుదిరాక హులుగప్ప బస్టాండుకు ఒంటరిగా నడిచిపోయాడు. బోర్డు తనే చదువుకున్నాడు.

ఆపై అందరికీ పరీక్ష చేశాం. కిట్టు లేని రోజు ప్రతి రక్తాన్నీ వైరస్ ఉన్నదానిలాగే జాగ్రత్తగా చూశాం. ఆ పరీక్ష మా చేతులు ఎలా పనిచేయాలో చెప్పడానికే గానీ, ఎవర్ని గెంటాలో చెప్పడానికి కాదు. శెట్టిగారికి రెండుసార్లు, హులుగప్పకు ఒక్కసారి చేసిన ఆ వారం మాత్రం, పరీక్షలో పాజిటివ్‌గా తేలింది నేను.