‘మేనత్త మేడ’ జాకెట్టు

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లోకి వెళ్తే ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఒకదాని భుజం మీద ఒకటెక్కి కూర్చుని గోడ కనపడనివ్వవు. వాటి మధ్య ముప్పై ఏళ్లుగా బెట్టు సడలకుండా నిలబడిన బోర్డు ఒకటుంది: ‘సినీ లేడీస్ టైలర్స్, ప్రొ. పర్శరాములు’. అందులో ‘సినీ’ అన్న రెండక్షరాలు ఎర్ర రంగులో, మిగతావాటి కంటే పెద్దవిగా ఉంటాయి. పర్శరాములు బతుకంతా ఆ రెండక్షరాల మీదే నడిచింది. చిక్కేమిటంటే అబద్ధం ఉన్నదీ ఆ రెండక్షరాల్లోనే.

పూర్తి అబద్ధమన్నా పాపమే. సిరిసిల్లలో మగ్గం మూలపడ్డాక, ఇరవై మూడేళ్ల వయసులో బస్సెక్కి వచ్చి అమీర్‌పేటలో హనుమాండ్లు మేస్త్రి దగ్గర మిషన్ మీద కూర్చున్నాడు. ఆ మేస్త్రికి పూర్ణకుంభం పిక్చర్స్ వాళ్ల పని దొరికింది. కుటుంబ కథలకు ఆ కంపెనీ పెట్టింది పేరు. అత్తలు, ఆడపడుచులు, అపార్థాలు, చివరికి అందరూ వరసగా కూర్చుని భోజనం. అప్పుడు తీస్తున్న సినిమా పేరు ‘మేనత్త మేడ’. మేడ అన్నాక కిటికీలుంటాయి, కిటికీలన్నాక కర్టెన్లుండాలి. ఇరవై రెండు కిటికీలకు కర్టెన్లు కుట్టినవాడు పర్శరాములు. హీరోయిన్ జాకెట్లు కుట్టడానికి మద్రాసు నుంచి వేరే టైలర్ వచ్చాడు. ఆయన ముఖం కూడా మనవాడు చూడలేదు.

అదే నెలలో పెళ్లిచూపులు కుదిరాయి. పిల్ల పేరు ఉష, సినిమాలంటే ప్రాణం. “పట్నంల ఏం కుడ్తరు?” అని తల వంచుకునే అడిగింది. “సిన్మాలకు కుడ్త” అన్నాడు పర్శరాములు. అంతవరకు నిజమే. “హీరోయిన్ జాకెట్లా?” అంది ఉష తలెత్తి, కళ్లు ఇంతింత చేసుకుని. ఆ కళ్లలోకి చూస్తూ కాదని చెప్పగలిగిన మగవాడెవడైనా ఉంటే వాడికో దండం. పర్శరాములు తల ఊపాడు. ఊపినవాడు అక్కడితో ఊరుకున్నాడా? కర్టెన్లకు పోగా మిగిలిన గుడ్డ, పసుపు మీద ఎర్ర మామిడి పిందెలున్నది, దాంతో జాకెట్టు కుట్టి “హీరోయిన్ జాకెట్‌కు తెచ్చిన గుడ్డల మిగిలింది” అని పెళ్లికి ఇచ్చాడు. వైశాఖమాసపు పెళ్లి. ఆ దళసరి గుడ్డలో పెళ్లికూతురు చెమటకు తడిసి ముద్దయింది. అయినా “సిన్మా గుడ్డంటే మామూలుగుంటదా?” అని చుట్టాలందరికీ చూపించుకుంది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతకడం టైలర్‌కు కొత్తా? పెళ్లయిన ఏడాదే సొంత షాపు పెట్టి బోర్డు మీద ‘సినీ’ అని రాయించాడు. సినిమా విడుదలైనప్పుడు మూడు వారాలు టికెట్లకని వెళ్లి, హౌస్‌ఫుల్ అని తిరిగొచ్చాడు. నాలుగో వారానికి సినిమాయే వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎప్పుడో పక్కింటి నలుపు తెలుపు టీవీలో ఉష ఒక్కసారి చూసింది. బొమ్మ నిండా గీతలు, గీతల వెనక కర్టెన్లన్నీ బూడిద రంగు. పర్శరాములు గండం గడిచిందనుకున్నాడు. కొన్నాళ్లకు కంపెనీ పెద్దాయన పోయాడు, వారసులు రీళ్లన్నీ ఒక గదిలో పడేసి తాళం వేశారు. యూట్యూబ్‌లో వెతికితే ఒక్క పాట కూడా దొరకదు. పొద్దున షాపు తెరుస్తూ దేవుడికి పెట్టే దండంలో కొంత ఆ తాళానికి కూడా చెందేది.

ఆ తాళం మీదికి యుద్ధానికి బయలుదేరింది మాత్రం ఉషే. తోడు పక్క వాటాలో ఉండే దేవమణి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే నర్సుగా రిటైరైన మనిషి, పట్టు పట్టిందంటే వదలదు. ఇద్దరూ కలిసి ‘పూర్ణకుంభం అభిమానులం’ అని వాట్సాప్ గ్రూపు పెట్టారు. పాత సినిమాలన్నీ మళ్లీ జనానికి చూపించాలని వినతిపత్రం రాశారు. ఆదివారం ఆరాధన అయ్యాక దేవమణి చర్చి గేటు దగ్గరే సంతకాలు పట్టింది. ఉష ఏకంగా షాపులోనే నోట్‌బుక్ పెట్టింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ముందు సంతకం చేశాకే చెయ్యి ఎత్తాలి. మొదటి సంతకం మాత్రం పర్శరాములు చేతనే చేయించింది.

“ఏందయ్య, సంతకం గింత వంకర వెట్టినవ్?”

“సూది కుచ్చుకున్నదే.”

ఒకరోజు అతను ఆ నోట్‌బుక్‌ను గుడ్డ పీలికల సంచిలో వేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. ఉష గంటలో వెతికి పట్టింది. మర్నాడు పంజాగుట్టలో ఉన్న కంపెనీ ఆఫీసుకు అతన్నే పంపింది. “హీరోయిన్‌కు కుట్టినోడివి. నువ్వు పోతేనే ఇజ్జతిస్తరు” అంది.

మెట్రోలో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఒక్కటే స్టేషన్. పర్శరాములు దిగకుండా ఎర్రమంజిల్ దాకా పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ ఎర్రమంజిల్ దాకా పోయాడు. ఆ తిరుగుళ్లలోనే ఉపాయం తట్టింది. కాగితాలు ఇచ్చినట్టే ఇచ్చి పని చెడగొట్టాలి.

ఆఫీసులో పెద్దాయన మనవడు జగదీశ్ కూర్చుని ఉన్నాడు. నోట్‌బుక్ తెరవకుండానే పక్కన పెట్టి, “అంకుల్, గీ పాత సినిమాలు ఇప్పుడెవరు చూస్తరు? మీరే చెప్పండి” అన్నాడు.

అడగకుండానే దేవుడిచ్చిన వరం. “ఎవ్వరు చూడరు సార్” అని లేచి వస్తే సరిపోయేది. కానీ పర్శరాములుకు మొదటి నుంచీ ఉన్న జబ్బు ఒకటే, చెప్పాల్సిన దానికి నాలుగు కుచ్చిళ్లు ఎక్కువ పెడతాడు. భయపెడితే తాళం ఇంకా గట్టిగా పడుతుందనుకున్నాడు.

“చూపెట్టకుండ్రి సార్, మీకు దండం పెడ్త. గా సిన్మా బయటికొస్తే అమీర్‌పేటల పొయ్యి ముట్టది. మా ఇంటామె ఎంబడి రెండొందల మంది ఆడోళ్లున్నరు. డైలాగులన్ని నోటికొచ్చు. ఇంటికి చుట్టమొస్తే మేనత్త లెక్క మాట్లాడ్తరు, పోతుంటే మేనకోడలు లెక్క ఏడుస్తరు. ఇంక ఆల్ల బిడ్డలు సుత మోపైండ్రు. వద్దు సార్, మస్తు పరేషాన్ అయితది.”

జగదీశ్ కుర్చీలో ముందుకు జరిగాడు. “రెండొందల మందా? నిజంగనా?”

“మా ఒక్క సందులనే సార్. ఎస్.ఆర్. నగర్ లెక్క వేరే.”

జగదీశ్ నోట్‌బుక్ తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. సగం చదివి, ఫోన్ తీసి, “ఆ రీళ్ల గది తాళంచెవి ఎవరి దగ్గరున్నది?” అని ఎవరినో అడిగాడు.

మూడు నెలలకు ప్రకటన వచ్చింది. వచ్చే ఆదివారం మధ్యాహ్నం యూట్యూబ్‌లో ‘మేనత్త మేడ’, రంగులు శుభ్రం చేయించి మరీ. సందులో అందరూ “పర్శరాములన్న పోయిండు, సాధించుకొచ్చిండు” అని మెచ్చుకుని శాలువా కప్పారు. ఉష ఆనందానికి పట్టపగ్గాల్లేవు. బీరువా అడుగు నుంచి పెళ్లి జాకెట్టు తీసి అతని ఒళ్లో పెట్టింది. “జర వదులు చెయ్యి. గా దినం గిదే ఏస్కుంట.”

అప్పటికే దాన్ని మూడుసార్లు వదులు చేశాడు. ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు ఒక్కోసారి, నలభై దాటాక ఇంకోసారి. కొత్తలోనే లోపల గుడ్డ ధారాళంగా వదిలి కుట్టాడు కాబట్టి సరిపోతూ వచ్చింది. నాలుగోసారి విప్పుతుంటే పాత కుట్ల చారలు వరసగా కనిపించాయి. గుడ్డ మాత్రం ఎక్కడా చిరగలేదు, రంగు వెలవలేదు. కాస్త వెలిసినా బాగుండేదని పర్శరాములుకు ఏడుపొచ్చింది. తిట్లకు అతను భయపడలేదు, తిట్లు ఎన్నో తిన్నాడు. పెళ్లిచూపుల నాడు తలెత్తి చూసిన ఆ చూపు ఇంకెప్పుడూ తన మీద పడదేమోనన్నదే అతని భయమంతా.

ఆదివారం ముందు గది నిండిపోయింది. పదహారు మంది ఆడవాళ్లు, మధ్యలో ఉష, ఒంటి మీద ఆ జాకెట్టు. తెర మీద పేర్లు పడుతున్నప్పుడు దుస్తులు కుట్టినవాడి పేరు వచ్చే వేళకు పర్శరాములు టీ పళ్లెం పట్టుకుని సరిగ్గా టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. అందరూ కసిరితే తప్పుకున్నాడు. మొదటి సీన్లోనే మేనత్త కిటికీ దగ్గరికి నడిచి కర్టెన్ పక్కకు లాగింది. పసుపు మీద ఎర్ర మామిడి పిందెలు. రంగులు నిజంగానే చాలా బాగా శుభ్రం చేశారు.

తలలన్నీ టీవీ నుంచి ఉష వైపు తిరిగాయి.

“ఏంటి ఉషా ఇది?” అంది దేవమణి. “నీ జాకెట్టు ఆ కిటికీకి వేలాడుతోందేంటి?”

ఉష కళ్లు తెర మీద నుంచి కదలలేదు. “మీకు చెప్పలేదా దేవమణక్కా?” అంది. “జాకెట్ గుడ్డ హీరోయిన్‌కు మస్తు నచ్చిందట. మేడకంత గదే గుడ్డ కట్టుండ్రి అన్నదట.”

“మరి ఆవిడ ఆ జాకెట్టు వేసుకున్నది ఎప్పుడొస్తుంది?”

“గా సీను తీసేసిండ్రు.”

సినిమాలో హీరోయిన్ పదకొండుసార్లు ఏడ్చింది, పదకొండుసార్లూ కర్టెన్ పట్టుకునే ఏడ్చింది. మూడోసారికి ఉష పవిట తీసి రెండు భుజాల మీదుగా నిండా కప్పుకుంది. వంటింటి గుమ్మంలో నిలబడిన పర్శరాములు అది చూశాడు. అక్కడే కూలిపోయి చచ్చిపోతే బాగుండుననిపించింది.

సాయంత్రం అందరూ వెళ్లాక ఉష టీ కప్పులు కడుగుతూ వెనక్కి తిరగకుండానే అడిగింది.

“కిటికీలెన్ని?”

“ఇరవై రెండు.”

“జాకెట్లు?”

“ఒక్కటి సుత కాదు. కర్టెన్లే కుట్టిన. పెండ్లిచూపులల్ల నువ్వు గట్ల తలెత్తి చూస్తివి... గా చూపు పోతదేమోనని చెప్పలే. తప్పైంది ఉషా.”

“ముప్పై ఏండ్లు కర్టెన్ తొడుక్కొని తిరిగిన” అంది ఉష. కప్పు పక్కన పెట్టి అతని వైపు తిరిగింది. “ఒక్క ముచ్చట నిజం చెప్పు. పెండ్లి పాటల హీరోయిన్ ఏస్కున్న పచ్చ జాకెట్... గది సుత నువ్వు కుట్టలేదు గదా?”

“లేదే. మద్రాస్ టైలర్ కుట్టిండు. నీ మీద ఒట్టు.”

ఉష తడి చేతులతోనే పీట మీద కూర్చుని, గుండెల మీద బరువు దిగినట్టు ఊపిరి వదిలింది.

“నా పానం నిమ్మలమైంది. నాడు పక్కింట్ల నలుపు తెలుపు టీవీల చూసినప్పుడే కనవడ్డది. భుజం కాడ గన్ని ముడతలు, చంక కింద గుంజుకపోయి... మా ఆయన గింత ఖరాబుగ కుట్టిండేంది అని మస్తు సిగ్గైంది. చెప్తే మనసు కష్టపెట్టుకుంటవని ఇన్నేండ్లు నోరు మూస్కున్న. టీవీ గీతలకు గట్ల కనవడ్డదేమో, కలర్ల చూస్తే మంచిగుంటదేమో అనే గీ సిన్మా కోసం గింత కొట్లాడిన. ఇయ్యాల చూస్తే ముడతలు ఇంకెక్కువ కనవడ్డయి.” తన భుజం మీద పవిట తొలగించి చేత్తో నిమురుకుంది. “గీ కర్టెన్ చూడు. నాలుగుసార్లు విప్పి కుట్టినా ఒక్క ముడత లేదు.”

పర్శరాములుకు కళ్లు నిండిపోయాయి. సర్దుకోవడానికి ఫోన్లో ఆ పాట పెట్టి, బొమ్మ ఆపి, అద్దాలు దించుకుని దగ్గరగా చూశాడు. “చంక కాడ గుడ్డ తక్కువ పట్టిండు దొంగనా కొడుకు” అన్నాడు ఉక్రోషంగా.

“రేపు పొద్దుగాలనే నిచ్చెనెక్కి బోర్డు మీద ‘సినీ’ అన్నది తుడిచెయ్యి” అంది ఉష.

అతను తల దించుకున్నాడు. “అబద్ధమనా?”

“అబద్ధం సంగతి మనిద్దరికే ఎర్క. ఇంకిప్పుడు సిన్మా లోకమంత చూస్తది. గా పచ్చ జాకెట్ కుట్టింది నువ్వే అనుకుంటరు.”