రుమాలు కింద బూర పాట

ఆ రోజుల్లో ఆర్మూరులో మనిషి ఏ పని చేసి ఇంటికి వచ్చాడో నోరు తెరిచి అడగాల్సిన అవసరం ఉండేది కాదు. కాళ్లు చూస్తే చాలు. గంజ్‌కు, అంటే పసుపు బజారుకు, పోయి వచ్చినవాడి కాళ్లు మోకాళ్ల దాకా పచ్చగా ఉండేవి. మాది అడ్తి దుకాణం, అంటే రైతు తెచ్చిన పసుపును పెద్ద సేట్లకు అమ్మిపెట్టి మా కమీషను మేం తీసుకునే వ్యాపారం. అందుచేత మా ఇంట్లో గోడలు, దుప్పట్లు, పిల్లి, అన్నీ పచ్చగానే ఉండేవి. (పిల్లి పుట్టుకతో తెల్లదని అమ్మ చెప్పేది. మేమెవరం తెల్లగా చూడలేదు.) అట్లాంటి ఇంట్లో పుట్టి, బడి చదువు ముగించి, దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టిన పద్దెనిమిదేళ్లవాడు సావుకారి కావాలనుకోవాలి. నేను పెండ్లి మేళంలో బూర వాయించాలనుకున్నాను. అందులో బూర మీద ప్రేమ ఎంత, మేళం వాళ్ల ఎర్రకోటు మీద ప్రేమ ఎంత అంటే ఇప్పటికీ తేల్చి చెప్పలేను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ కోటు తొడుక్కొని నలుగురి ముందు ఒక పాట మొదటినుంచి చివరిదాకా వాయించాలి. నా జీవితాశయం అంతకంటే పెద్దది కాదు.

మా ఊరి మేళానికి పెద్ద పల్టన్ ఉస్తాద్. ఎప్పుడో హైదరాబాదులో నిజాం పల్టన్‌లో బ్యాండు వాయించి, పింఛను తీసుకొని వచ్చి స్థిరపడ్డాడు. ఎక్కడికి బయలుదేరినా ఆయనకు ఎడమకాలు ముందు పడాలి. పడకపోతే ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ బయలుదేరేవాడు, వంకాయలు కొనుక్కోవడానికి పోయినా సరే. నేను పోయి నా కోరిక చెప్పుకుంటే, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు నా పెదాలు పట్టి చూశాడు. "పెదవులు మంచిగనే ఉన్నయి బేటా. అక్కల్ సంగతి తర్వాత సూద్దాం" అన్నాడు. అక్కల్ అంటే తెలివి. ఆ తర్వాత చాలా రోజులు నాకు బూర ఇవ్వలేదు. చింతపండు ఇచ్చాడు. మేళంలో ఉన్న ఇత్తడి సామానంతా తోమించాడు. ఎందుకు ఉస్తాద్ అంటే, "బూర ముందుగాల నిన్ను ఎరుకవట్టాలె గదా" అన్నాడు. నన్ను ఎరుక పట్టడానికి ఆ బూరకు చాలా చింతపండు పట్టింది.

చివరికి మూడు మీటల బూర ఒకటి నా చేతికి వచ్చింది. ఊరి బయట గుట్ట మీద, రాళ్ల వెనక కూర్చొని సాధన చేసేవాణ్ణి. గంజ్ నుంచి నేరుగా వచ్చేవాణ్ణి కాబట్టి ముక్కు నిండా పసుపు దుమ్ముండేది. గుండెల నిండా ఊపిరి పీల్చుకొని ఊదబోయేసరికి తుమ్ము వచ్చేది. బూరలోకి తుమ్మితే వచ్చే శబ్దం గురించి ఎవరూ రాయలేదు, నేనూ రాయను. ఒకనాడు తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ ఒకాయన తాడు పట్టుకొని గుట్ట ఎక్కి వచ్చాడు. నా ఎదురుగా రాతి మీద కూర్చొని చాలాసేపు శ్రద్ధగా విన్నాడు. తర్వాత లేచి, "నాది గాదు" అని దిగిపోయాడు. నా వాద్యం గురించి నేను విన్న మొదటి అభిప్రాయం అదే.

ఇదంతా బాపుకు తెలియకుండా జరగాలి. బాపు అంటే మా నాయన. పక్కింటి అబ్బాయి నాటకాలవాళ్ల వెంట పోయాడని తెలిసిన రోజు ఆయన అన్నం ముందు కూర్చొని ఒక మాట అన్నాడు. "మనింట్ల పెండ్లయితె మేళాన్ని పిలుస్తం. మనమే మేళంల వోతమా? మనింట్లోడైతె గా ఇందల్వాయిల మామ దుకాణంల కూసుండవెడ్తుంటి." ఇందల్వాయిలో నాకు తెలిసినంతవరకు బూర అనేది లేదు. అందుకే బూరను ఇంటికి తెచ్చే ధైర్యం చేయలేదు. దానికి ఉస్తాద్ ఒక ఉపాయం చెప్పాడు. "ఊపిరి గుట్ట మీద ఊదు. ఎంత ఊదినా చేతి ఏళ్లు ఆడకుంటె ఫాయిదా లేదు. తినుకుంట, కూసుకుంట, పండుకొని సుత ఏళ్లు ఆడుతనే ఉండాలె."

నేను గురువు మాట జవదాటలేదు. ఉస్తాద్ తానే కట్టానని చెప్పుకునే పెండ్లి పాట ఒకటుండేది. అది రాత్రీ పగలూ నా కుడిచేతి మూడు వేళ్లలో తిరుగుతూ ఉండేది. కంచం అంచు మీద, పసుపు బస్తా మీద, దిండు మీద, ఒకసారి దుకాణానికి వచ్చిన పోలీసు పటేలు భుజం మీద. (ఆయన వెనక్కి తిరిగి చూశాడు. నేను దుమ్ము దులిపానని చెప్పాను.) అమ్మ ఇది నరాల జబ్బనుకొని తాయెత్తు కట్టించింది. బాపు మాత్రం భోజనాల దగ్గర నా వేళ్ల వైపు ఒకసారి చూసి పప్పు కలుపుకునేవాడు.

ఇంతలో నా అదృష్టం పండింది. మేళంలో బూర వాయించే ఆయనకు ముందు పన్ను ఊడింది. ఊదితే గాలి సందులోంచి పోతున్నది, పాట రావడం లేదు. జరీ సేట్ గారింట్లో పెండ్లి దగ్గర పడింది. ఎప్పుడూ జరీ పాగా చుట్టుకుని తిరిగే ఆ సేట్ మా గంజ్‌లో పసుపు కొనేవాళ్లలో అందరికంటే పెద్దవాడు. ఆయన కూతురి పెండ్లికి ఎదుర్కోళ్లలో, మగపెళ్లివారు ఊరి పొలిమేరలో దిగగానే, ఈ పాట వాయించాలి. "నువ్వే వాయించాలె బేటా" అని ఉస్తాద్ ఎర్రకోటు తెచ్చి నా భుజాల మీద వేసి చూశాడు. చేతులు కొంచెం పొట్టి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ వారంలోనే బాపు కుడిచేతికి గోరుచుట్టు లేచింది. గోరుచుట్టు పెద్ద జబ్బు కాదు గానీ, మా గంజ్‌లో ఆ రోజుల్లో నోటితో ధర చెప్పేవాళ్లు కాదు. కొనే సేట్, అమ్మే అడ్తిదారు చేతులు కలిపి, పైన రుమాలు కప్పుకునేవాళ్లు. ఇన్ని వేళ్లు పట్టుకుంటే ఇంత ధర. మణికట్టు నొక్కితే, ఈ ధర చాలదు, ఇంకా కావాలని అర్థం. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఎడమచేత్తో చెప్పడం అమర్యాద. కాబట్టి ఆనాడు బాపు నన్ను ముందుకు తోశాడు. "చెయ్యి నీది వెట్టు, నేను పక్కన ఉంట. తక్కువ పట్టుకుంటె మణికట్టు నొక్కు. రుమాలు కింద తెలిసింది రుమాలు కిందనే ఉండాలె, ఎవ్వలికి చెప్పద్దు. చెయ్యి బయటికి తీస్తే మాట అయిపోయినట్టే." ఎదురుగా బాల్కొండ నుంచి బండి కట్టుకొని వచ్చిన రైతు తన పసుపు కుప్ప పక్కన గొంతుక్కూర్చొని ఉన్నాడు. జరీ సేట్ వచ్చి నా చేతిని అందుకున్నాడు. మెత్తటి, వెచ్చటి చేయి. రుమాలు పడింది.

సేట్ మొదటి ధర పట్టుకున్నాడు. నేను మణికట్టు నొక్కాను. అంతవరకు నా వ్యాపారం సక్రమంగానే నడిచింది. సరిగ్గా అప్పుడు ఉస్తాద్ తన మేళాన్ని కవాతు చేయిస్తూ గంజ్ వెనక సందులోకి వచ్చాడు. బూర లేకుండానే పెండ్లి పాట ఎత్తుకున్నారు. నా వేళ్లకు గంజ్ ఏమిటో, సేట్ ఎవరో తెలియదు. అవి పని మొదలుపెట్టాయి. ఒక వేలు, రెండు వేళ్లు, మళ్లీ ఒకటి, మూడూ కలిపి, సేట్ వేళ్ల మీద గబగబా నొక్కుతున్నాయి. సేట్ నా ముఖంలోకి చూశాడు. నా చెవులు సందు వైపు ఉన్నాయి కాబట్టి ముఖంలో ఏ భావమూ లేదు. అంత స్థిరమైన ముఖం ఆయన తన వ్యాపారంలో చూసి ఉండడు. మిగతా సేట్లు ఏయే ధరలు పట్టుకుని పోయారో ఈ పిల్లవాడు వరసగా చెప్పేస్తున్నాడని ఆయన అనుకున్నాడు. ఆయన ధర పెంచాడు. పాట రెండో వరుసలోకి పోయింది. ఆ వరుస కొంచెం హుషారుగా ఉంటుంది. ఆయన మళ్లీ పెంచాడు. జరీ పాగా కింద నుదురంతా చెమట పట్టింది. మేళం సందు మలుపు తిరిగి పాట వినిపించకుండా పోయాక నా వేళ్లు ఆగాయి. సేట్ చేయి లాగేసుకొని, "అయిపోయింది" అని కూలబడ్డాడు.

ఆయన బాపు చెవిలో ధర చెప్పాడు. బాపు రైతుతో చెప్పాడు. రైతు తనతో పరాచికాలాడుతున్నారనుకొని మొహం పక్కకు తిప్పుకున్నాడు. మళ్లీ చెప్పించుకొని, లేచి నిలబడి, నాకు దండం పెట్టాడు. బాపు నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. పుట్టినప్పటినుంచి నా కోసం ఎక్కడో వెతుకుతూ, ఇప్పుడే దొరికినట్టు చూశాడు. ఆ సాయంత్రం అమ్మతో, "వీని చెయ్యి చెయ్యి గాదు. రేపటికెల్లి రోజు గంజ్‌ల నా పక్కన నిలవడ్తడు. సేట్ ఇంటి ఎదుర్కోళ్లకు సుత కొత్త పాగా చుట్టుకొని నా వెంబడి వస్తడు" అన్నాడు. బూర నేర్చుకున్నందుకు నాకు దక్కిన బహుమానం బూరకు దూరం కావడం.

ఎదుర్కోళ్ల నాడు నాకు కడుపునొప్పి వచ్చింది. బాపు ఒక్కడే పోయాడు. నేను వెనక దర్వాజాలోంచి ఉస్తాద్ దగ్గరికి పరుగెత్తి ఎర్రకోటు తొడుక్కున్నాను. బాపు అక్కడే ఉంటాడు ఉస్తాద్ అంటే ఆయన టోపీని నా కనుబొమల దాకా లాగి, "ఫికర్ జెయ్యకు. బుగ్గలు ఉబ్బితె కన్నతల్లి సుత గుర్తువట్టది" అన్నాడు. పొలిమేరలో మగపెళ్లివారు బండ్లు దిగారు. ఒకవైపు సేట్, ఆయన పక్కనే బాపు. ఇంకా ఎండ ఉంది. ఉస్తాద్ చేయి ఎత్తాడు. నేను ఊదాను.

పాట వచ్చింది. తుమ్ము రాలేదు. మొదటి వరుస ఎక్కడా తప్పకుండా పోయింది, నాకు కాళ్లు నేల మీద ఉన్నట్టు అనిపించలేదు. రెండో వరుస సగంలో ఉండగా సేట్ నా వేళ్ల వైపు చూశాడు. తోమితోమి మెరుస్తున్న ఇత్తడి మీద పసుపుపచ్చని వేళ్లు, ఒకటి, రెండు, మళ్లీ ఒకటి, మూడూ కలిపి. ఆయన మనసులో ఏదో లెక్క నడుస్తున్నట్టు పెదవులు కదిలాయి. నేను చివరి వరుస ఎత్తుకోబోతుండగా ఆయన మెల్లగా నడిచి వచ్చి, భుజం మీది పట్టు కండువా తీసి నా కుడిచేతి మీద కప్పి, దాని కిందికి తన చేయి పోనిచ్చాడు. ఆ మెత్తటి, వెచ్చటి చేయే. కాసేపు వేళ్ల మీద వేళ్లుంచి చూసుకున్నాడు. తర్వాత నా మూడు వేళ్లనూ కలిపి గట్టిగా పట్టుకున్నాడు.

మీటలన్నీ పైకే ఉండిపోయాయి. నాకు ఊపిరి ఆపాలని తోచలేదు. దాంతో ఒకే స్వరం, వంపు లేకుండా, ఊరి పొలిమేర మీద సాగుతూ పోయింది. ఉస్తాద్ పల్టన్ మనిషి కాబట్టి ఏమీ జరగనట్టు మిగతా మేళాన్ని నడిపించాడు. మగపెళ్లివారిలో పెద్దాయన ఇది తమ ఊళ్లో లేని కొత్త మర్యాద అనుకొని పాగా సర్దుకొని నిటారుగా నిలబడ్డాడు. బాపు దగ్గరికి వచ్చాడు.

"ఏమయింది సేట్‌జీ?"

"ఏం లేదు సావుకారీ. గీ బూర మస్తుగున్నది, సూస్తున్న."

"కొంటరా ఏంది?"

"మొన్ననే కొన్న" అన్నాడు సేట్, చేయి వదలకుండా. "ధర మాత్రం అడగకుండ్రి. రుమాలు కిందిది."

పాట అయిపోయేదాకా ఆయన నా వేళ్లు వదల్లేదు. తర్వాత కూడా నా గుట్టు ఎవరికీ చెప్పలేదు. (ఆ పసుపు మీద ఆయనకు నష్టమేమీ రాలేదని తర్వాత తెలిసి స్థిమితపడ్డాను. కానీ ఆ తర్వాత ఎప్పుడు నాకు చేయి అందించినా, "ఇయ్యాల మేళం ఊళ్లె ఉన్నదా?" అని అడిగేవాడు.)

నేను బాపు కంటే ముందు ఇంటికి చేరి దుప్పటి కప్పుకున్నాను. ఇక ఇందల్వాయే అనుకున్నాను. బాపు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"కడుపునొప్పి తగ్గిందా?"

"తగ్గింది బాపూ."

"మంచిది. బుగ్గలు సుత దిగినయి" అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

ఇందల్వాయి మాట ఎత్తలేదు. నాకు సిగ్గూ సంతోషమూ కలిసి ఏడుపు వచ్చింది. పెండ్లి సీజన్ అయిపోకముందే ఆ పన్ను ఊడిన ఆయన నిజామాబాదుకు పోయి కట్టుడు పన్ను పెట్టించుకొని వచ్చాడు. ఎర్రకోటు ఆయనకే సరిగ్గా సరిపోయింది. నేను గంజ్‌లో నిలబడ్డాను. ఆ పాట చివరి వరుస మాత్రం నా చేతుల్లోనే ఉండిపోయింది.

చాలా ఏళ్లు గడిచాయి. గంజ్‌లో రుమాళ్లు పోయాయి, ధరలు చీటీల మీద రాయడం వచ్చింది. ఉస్తాద్ లేడు, సేట్ లేడు. బాపు బాగా పెద్దవాడై, మధ్యాహ్నాలు దుకాణానికి వచ్చి గద్దె మీద ఊరికే కూర్చునేవాడు. నాకూ జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి, ఊళ్లో పదిమంది నిలబడి నమస్కారం పెట్టే వయసు. ఒకరోజు రోడ్డు మీద ఏదో పెండ్లి మేళం పోతున్నది. అంత పెద్దమనిషినీ, గద్దె అంచు మీద వేళ్లు ఆడించుకుంటూ కూర్చున్నాను. బాపు చూశాడు. భుజం మీది కండువా తీసి నా చేతి మీద కప్పి, దాని కిందికి తన చేయి పోనిచ్చాడు. సన్నబడిపోయిన వేళ్లు.

"ఆనాడు సేట్ పట్టుకున్న కాడ ఆగింది గదా" అన్నాడు. "గాడనుంచి చెప్పు."

నేను చెప్పాను. చివరి వరుస మొత్తం, తొందర లేకుండా, ఆయన వేళ్ల మీద వాయించాను. కళ్లు మూసుకొని విన్నాడు. అయిపోయాక కూడా చేయి బయటికి తీయలేదు.

"ధర జర ఎక్కువనే ఉన్నది" అన్నాడు.

నేను ఆయన మణికట్టు మెల్లగా నొక్కాను, ఇంకా కావాలని.