కాటా మనిషి కదంషో

పామీర్ కొండల్లోని మా చిన్న విమానాశ్రయంలో పైలట్ కంటే పెద్దవాడు కదంషో. పదిహేడు సీట్ల బుల్లి విమానం, కనుమ మీద మబ్బు లేని రోజే రాజధాని దుషాన్బేకి ఎగురుతుంది. బరువు మించితే కొండ దాటదు కాబట్టి మనిషినీ మూటనీ కాటా ఎక్కించి, ఎవరు ఎగరాలో ఎవరు మిగలాలో తేల్చేది ఇరవై రెండేళ్లుగా వాడే. జిల్లా పెద్దల ఎండు ఆప్రికాట్ పెట్టెలు ఎప్పుడూ ఎగిరేవి. మిగిలిపోయేది మనుషులే.

దింపి ఊరుకున్నా బాగుండేది. పుండు మీద కారం చల్లడం వాడికి సరదా.

"దుషాన్బేకి పైనించి నలభై అయిదు నిమిషాలు, కిందనించి పద్నాలుగు గంటలు. పైన ఏముంది చూడ్డానికి, మబ్బులు! కిందైతే హాయిగా నది చూసుకుంటూ పోవచ్చు" అనేవాడు.

మూడేళ్ల కిందట మా ఊరి ముసలామె గుల్‌బీబీ కొడుకు ఇమొమ్ గుండె పట్టుకుని కాటా ఎక్కినప్పుడూ అదే మాట. ఇమొమ్ సగం దారిలో, జీపులోనే చనిపోయాడు. దానికి కదంషో ఒక్క పూట కూడా తిండి మానలేదు.

ఈ మార్చిలో ఎనిమిది రోజులు మబ్బు పట్టింది. పడిగాపులు కాసినవాళ్లకి రోజూ ఉప్పు వేసిన పాల టీ మోసుకొచ్చింది కదంషో భార్య సవ్సన్. మొగుడి నోటికి తను సిగ్గుపడే మనిషి. తొమ్మిదో రోజు పొద్దున ఆకాశం తెరిపిచ్చింది. అందరూ ఎక్కారు, కదంషో జాబితా మీద సంతకం పెట్టాడు. సంతకం పడ్డాక ఎవరినీ దింపే హక్కు వాడికీ లేదు. అంతలో ఇరుగుపొరుగు వాళ్లు బొంతలో సవ్సన్‌ని మోసుకొచ్చారు. ఆమె మెలికలు తిరిగిపోతోంది.

"పేగు మెలిపడింది. ఇక్కడ కోసేవాళ్లు లేరు, మధ్యాహ్నంలోగా దుషాన్బే చేర్చాలి" అన్నాడు వెంట వచ్చిన డాక్టరు.

"పెట్టెలు దింపేస్తా!" అన్నాడు కదంషో.

"పెట్టెలు దింపితే సీటు వస్తుందా? ఎవరినైనా దిగమని బతిమాలుకో" అన్నాడు పైలట్.

కదంషో టోపీ చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లాడు. "మా సవ్సన్ చచ్చిపోతుందయ్యా. ఒక్కరు దిగండి. రేపు జాబితాలో మీ పేరే మొదట రాస్తా."

పదిహేడు మొహాలూ కిటికీల వైపు తిరిగాయి. మొదటి సీట్లో గుల్‌బీబీ, మనవరాలి పెళ్లికి పోతోంది. కదంషో ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"పెద్దమ్మా, నువ్వైనా..."

"ఎందుకురా ఏడుస్తావ్? పైన ఏముంది చూడ్డానికి, మబ్బులు! సవ్సన్‌ని హాయిగా నది చూసుకుంటూ పొమ్మను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పొద్దున కూడా వాళ్లంతా సవ్సన్ టీ తాగినవాళ్లే. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

జీపు మొదటి మలుపు తిరిగేసరికి విమానం నెత్తి మీదుగా వెళ్లిపోయింది. గతుకు వచ్చినప్పుడల్లా సవ్సన్ కేక పెట్టి, "ఇంకా ఎంతసేపు?" అని అడిగేది.

"నలభై అయిదు నిమిషాలే" అనేవాడు కదంషో, ప్రతిసారీ. సాయంత్రానికి ఆమె అడగడం మానేసింది.

నలభయ్యో రోజు కర్మ అయ్యాక కదంషో మళ్లీ కాటా దగ్గరికి వచ్చాడు. ఆ రోజు బరువు మించింది. కళ్లకి కట్టు కట్టుకున్న ఒకడిని దిగమన్నాడు.

"రోడ్డు మీద ఎంతసేపు పడుతుంది, అన్నా?" అని అడిగాడు వాడు బిక్కమొహంతో.

"పద్నాలుగు గంటలు. మా ఆవిడకి తొమ్మిదే పట్టింది" అన్నాడు కదంషో. వాడు దిగగానే ఆప్రికాట్ పెట్టెల్ని కాటా మీద పెట్టమన్నాడు.