ఒక బార తక్కువ

రేవులో ఆయన్ని అందరూ బారల మామ అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది, దాని అవసరం ఎవరికీ రాలేదు. రెండు చేతులూ చాపితే ఒక బార. తాడుకు బారకో ముడి, తాడు కొసన సీసపు గుండు. ఓడ రేవులోకి వస్తుంటే ముందు పడవలో నిలబడి గుండు వదిలి, లోతెంతో కేక వేయడం ఆయన పని. గుండుకు అంటిన బురద చూసి అడుగున ఉన్న పీతకు పెళ్లయిందో లేదో కూడా చెప్పేస్తాడని అనుకునేవారు. ఆ మాట పుట్టించింది ఆయనే.

పని నేర్పిన మేనమామ ఒకే ఒక్క నియమం పెట్టాడు.

"నాలుగు తగిలితే మూడని కేకెయ్యి. లోతు దగ్గర మనం పిసినారులం రా. ఓడ బతుకుతుంది."

ముప్ఫై ఏళ్లు అలాగే కేక వేశాడు. ఆయన చూపిన దారిలో ఒక్క ఓడా నేల తాకలేదు.

తర్వాత సముద్రాన్ని పూడ్చడం మొదలైంది. పాత సుంకం భవనం మెట్లు తడిపే నీళ్లు ముందు వీధి అవతలికి, ఆపైన కనుచూపు అవతలికి పోయాయి. లావుపాటి గొట్టాల్లోంచి బూడిదరంగు ఇసుక ఆగకుండా పడేది. పడవలవాళ్లు లంగర్లను తుక్కు కింద అమ్ముకున్నారు. మామకు దొరికిన చివరి పని ఆ పూడ్చేవాళ్ల దగ్గరే, మూడు రోజులు. రేపు కట్టే ఇళ్ల స్తంభాలు దింపడానికి, బురద కింద గట్టి నేల ఎంత లోతుందో ఆయన చెప్పాలి, గుమాస్తా రాసుకోవాలి. వాళ్లకు తొందర, ఆయన మాట ఉండగా మళ్లీ కొలవడమెందుకు అనుకున్నారు. మామ గుండు వదిలాడు. నాలుగు తగిలింది. నోరు మూడంది. మూడు రోజులూ నోరు తన అలవాటు ప్రకారం తాను చేసుకుపోయింది.

ఏడేళ్లకు అక్కడ నాలుగంతస్తుల ఇళ్లు లేచాయి. బస్సు నడిపే అల్లుడు, కూతురు ఒక దాంట్లో కింది వాటా కొనుక్కున్నారు. ఆరు నెలలకే వంటింటి తలుపు గడపను పట్టేసింది. అల్లుడు చిత్రిక పట్టాడు. నెలకు తలుపు మళ్లీ పట్టేసింది. ఒక పొద్దున, తన ఒంటిగది నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చిన మామ గోడ చీలికలో వేలు పెట్టాడు. రెండో కణుపుదాకా దిగింది. అప్పుడు తన కేక తనకే గుర్తొచ్చి, కూతురి దగ్గరికి పోయాడు.

"అమ్మాయ్, ఈ ఇల్లు వదిలేయండి. కింద గట్టి నేల లేదు."

"మొన్న కుళాయిలో తిమింగలం దగ్గుతోందన్నావు. ఇవాళ ఇదా?" గిన్నెలు తోముతూనే అంది కూతురు.

"ఇది కథ కాదే. నాలుగుంటే మూడని రాయించింది నేనే. ఓడకు చెప్పినట్టే నేలకూ చెప్పా. స్తంభాలు ఒక బార పొట్టి. బురదలో నిలబడున్నాయి."

ఆమె చేయి ఆగింది.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు. ముందు అమ్మేద్దాం, తర్వాత ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో. నీకు దణ్ణం పెడతా, అంతదాకా నోరు విప్పకు నాన్నా."

అల్లుడు చీలికలో సిమెంటు కూరి, పైన రంగు పూశాడు. వారం తర్వాత ఇల్లు కొనడానికి ఒక నర్సు చూడ్డానికి వచ్చింది. మంచం పట్టిన తల్లి కోసం కింది వాటా వెతుక్కుంటోంది. గదులన్నీ తిరిగి, గుమ్మం పక్కన కూర్చున్న మామ దగ్గర ఆగింది.

"పెద్దాయనా, మీరు రేవులో పనిచేశారటగా. నేల గట్టిదేనా? ఏదన్నా అయితే మా అమ్మ లేచి పరుగెత్తలేదు."

ఆమె వెనక నిలబడి కూతురు రెండు చేతులూ జోడించింది.

మామ తన కాలివేళ్లకేసి చూసుకున్నాడు. "నాలుగు బారలు కిందికుందమ్మా గట్టి నేల. స్తంభాలు మూడే దిగాయి. కొనకండి."

మర్నాడు మునిసిపాలిటీ ఆఫీసుకు పోయి అదే రాయించి వేలిముద్ర వేశాడు. నెల తిరక్కుండా నాలుగంతస్తులూ ఖాళీ చేయించి తాళం వేశారు. మూడో అంతస్తు ముసలావిడ మెట్లు దిగొచ్చి, "మా కొంప ముంచావు గదయ్యా!" అని ఆయన ముందు మట్టెత్తి పోసింది.

కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు మామ ఒంటిగదికే వచ్చారు. ఇంకెక్కడికి పోతారు? కూతురు ఆయనకు వేళకు అన్నం పెట్టేది, చొక్కా ఉతికేది. నీళ్లు కావాలా అని మాత్రం అడిగేది కాదు. గ్లాసు నింపి, ఆయన చేయి అందేంత దూరంలో పెట్టి, అటు తిరిగిపోయేది.